పిల్ల బాగ చెప్పింది మేడం, ఏం చెప్పింది?

ఇంటర్నేషనల్ స్కూల్లో ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి మా ఇంటికి వచ్చే కొత్త టీచర్లంతా అడిగేది ఒకటే. "ఆ బళ్లు మంచివేనా మేడం?" జీతం సంగతి అడగరు, అది ముందే కనుక్కొని వస్తారు. మంచివే అంటే సగం అబద్ధం, కావంటే ఇంకో సగం. అందుకని కూర్చోబెట్టి, చాయ్ పెట్టి, మొత్తం చెబుతుంటాను. ఈ మధ్య మోకాళ్ల నొప్పులతో మాటిమాటికి లేచి చాయ్ పెట్టడం నావల్ల కావడం లేదు. కనుక రాసి పెడుతున్నాను, చాయ్ మీరే పెట్టుకోండి.

నాది చేవెళ్ల. బస్టాండు వెనక ఒక చిన్న ప్రైవేటు బళ్లో తొమ్మిదేళ్లు తెలుగు చెప్పాను. తర్వాత మొయినాబాద్ దగ్గర కొత్తగా పెట్టిన ఇంటర్నేషనల్ స్కూల్లో పద్నాలుగేళ్లు. నన్ను కోఆర్డినేటర్‌ను ఎప్పుడు చేశారు, ఎందుకు చేశారు అన్నవి మీకు పనికిరాని ముచ్చట్లు. పనికొచ్చేవి రెండు మూడే ఉన్నాయి. అందులో ఒకటి నేను చేసిన తప్పు.

బెత్తం లేని చెయ్యి

చేవెళ్ల బళ్లో ఒక్కో గదిలో అరవై మంది. నా చేతిలో ఎప్పుడూ బెత్తం ఉండేది. గట్టిగా కొట్టేదాన్ని కాదు గాని, బల్ల మీద చప్పుడు చేస్తేనే గది సద్దుమణిగేది. కొత్త బళ్లో మొదటిరోజు ఇరవై ఇద్దరు పిల్లల ముందు నిలబడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చివరికి డస్టర్ పట్టుకొని నిలబడ్డాను.

ఆ వారమే ప్రిన్సిపాల్ లీనా మేడం వచ్చి నా క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నది. ఆమెది కేరళ, తెలుగు ఒక్క ముక్క రాదు. సరిగ్గా అప్పుడే ఒక పిల్లవాడు చెయ్యెత్తి, "పద్యం ఎందుకు బట్టీ పట్టాలి మ్యామ్?" అని అడిగాడు, అదీ ఇంగ్లీషులో. చేవెళ్లలో ఎవడైనా ఆ మాట అంటే ఆ పూటంతా బయట నిలబడేవాడు. "నేను పట్టమన్నా కాబట్టి," అన్నాను.

క్లాసు అయినాక లీనా మేడం నన్ను పిలిచింది. ఆమె ఇంగ్లీషులో అన్నది, నేను తెలుగులో రాస్తున్నాను. "అతడు మంచి ప్రశ్న అడిగాడు. జవాబు నాకూ తెలుసుకోవాలనున్నది. రేపు చెప్పండి, వస్తాను."

ఆ సాయంత్రం బస్సులో చేవెళ్ల దాకా అదే ఆలోచన. తొమ్మిదేళ్లు ఎందరి చేతనో బట్టీ పట్టించానే, ఎందుకో ఒక్కనాడూ అనుకోలేదు. తెల్లారి ఆ పిల్లవాడికి ఉన్నమాట చెప్పాను. "నాకూ సరిగా తెలియదు నాన్నా. మా నాయన పోయిన రోజు, చిన్నప్పుడు నేర్చిన ఒక పద్యం దానంతటదే నోట్లోకొచ్చింది. దాంతో కొంచెం ఊపిరాడింది. అంతే తెలుసు." వాడు పద్యాల పుస్తకం తెరిచి, "అయితే ఒకటి నేర్చుకొని చూస్తాను," అన్నాడు. ఆ బడి మీద నాకు ప్రేమ పుట్టింది ఆ పూటే. ఇప్పటికీ తగ్గలేదు.

గోడ ఇవతల

ప్రేమ ఉన్నదని కండ్లు మూసుకోలేదు. అప్పుడు మాదాపూర్, గచ్చిబౌలి దిక్కు రోజుకో కంపెనీ తెరుస్తున్న కాలం. మెడలో ఐడీ కార్డులు తియ్యడం మరచిపోయి తండ్రులు నేరుగా ఆఫీసు నుంచి వచ్చేవాళ్లు. ఒకాయన ఎల్‌కేజీ పిల్లకు అయిదేళ్ల రోడ్ మ్యాప్ కావాలన్నాడు. "ముందు ఏ కాలి చెప్పు ఆ కాలికి తొడుక్కోనియ్యండి సార్," అన్నాను. ఆయన నవ్వాడు కాని, రోడ్ మ్యాప్ మాత్రం వదలలేదు.

మా టీచర్లలో సగం మంది ఆ కంపెనీలవాళ్ల భార్యలే. బాగా చదువుకున్నవాళ్లు, పిల్లలంటే ప్రాణం పెట్టేవాళ్లు. భర్తకు ఆన్‌సైట్ అని, విదేశం పోవాలని కబురు రాగానే సంవత్సరం నడుమ వెళ్లిపోయేవాళ్లు. ఒక క్లాసుకు ఒకే ఏడు నలుగురు టీచర్లు మారారు. కొత్తగా ఎవరొచ్చినా పిల్లలు, "మీరెన్ని రోజులుంటారు మ్యామ్?" అని అడిగేవాళ్లు. మొదట నవ్వొచ్చింది. తర్వాత తర్వాత నవ్వు రాలేదు.

ఇంకొకటి, గేటు లోపల ఇంగ్లీషు తప్ప వేరే మాట వినపడకూడదని నియమం. తెలుగు టీచర్నయిన నేనూ వరండాలో ఇంగ్లీషే మాట్లాడాలి. నా ఇంగ్లీషు నాకే నవ్వు తెప్పించేది. గోడ అవతల మక్కజొన్న చేను, ఇవతల పెంగ్విన్ల మీద ప్రాజెక్టు. పెంగ్విన్ గుడ్డు ఎన్ని రోజులు పొదిగితే పిల్లవుతుందో మా పిల్లలకు తెలుసు, మక్కకంకి మొక్కకు ఎక్కడ కాస్తుందో తెలియదు. తప్పు వాళ్లది కాదు. గోడ కట్టింది మేము.

భూమి ఇచ్చినోళ్ల పిల్ల

మా దిక్కు ఒక పద్ధతి ఉన్నది. భూమి అమ్మేటప్పుడు ధర తెగినంక, సంతకం పెట్టే ముందు, ఇంటి పెద్ద ఒక కోరిక కోరతాడు. ఒకరు కొడుక్కు వాచ్‌మన్ పని అడుగుతారు, ఇంకొకరు క్యాంటీన్ అడుగుతారు. మా స్కూలుకు భూమి ఇచ్చిన ముసలాయన, "మా ఇంటి పిల్ల ఈ బళ్లెనే సదవాలె," అన్నాడట. మేనేజ్‌మెంటు సరేనన్నది. అట్లా వచ్చింది శిరీష, నేను పనిచేసిన చేవెళ్ల బడి నుంచి అయిదో తరగతికి. ముసలాయన మనవరాలు.

శిరీష తండ్రి పేరు నర్సింలు. రోడ్డు పక్క భూమి పోగా, లోపల ఇంకో ముక్క మిగిలి ఉండేది. అందులో టమాట, క్యాలిఫ్లవర్ పండించి చేవెళ్ల మార్కెట్టుకు వేసేవాడు. బిడ్డను చేర్పించిన రోజు నన్ను ఆటస్థలం దగ్గరకు తీసుకుపోయి చూపించాడు.

"గీడ మా జొన్నచేను ఉండె మేడం. గా గోల్ పోస్టు కాడ బాయి. మా తాత తవ్విచ్చిండు. ఇప్పుడు నా బిడ్డ గీడనే ఆడుతది సూడున్రి!"

పోయినదాని గురించిన బాధేమీ లేదు ఆ గొంతులో. అంత సంబురంగా బిడ్డను బడికి తెచ్చిన తండ్రిని నేను అంతకుముందు చూడలేదు.

నోరు విప్పకూడని పది నిమిషాలు

మా బళ్లో టర్ముకొకసారి ఒక పని జరిగేది. మామూలుగా బళ్లలో టీచరు తల్లిదండ్రులకు పిల్ల సంగతి చెబుతుంది. మా దగ్గర పిల్లే చెబుతుంది. నోటుబుక్కులు, బొమ్మలు, తప్పుపోయిన లెక్కలు అన్నీ అమ్మానాన్నల ముందు పరిచి, ఇది నాకు వచ్చు, ఇది రాదు, ఇది నచ్చింది, ఇది నచ్చలేదు అని పది నిమిషాలు తానే మాట్లాడుతుంది. టీచరు పక్కన కూర్చోవాలి గాని మధ్యలో నోరు విప్పకూడదు. నా ఉద్యోగకాలంలో చూసిన పద్ధతులన్నిట్లో ఇంత మంచిది ఇంకొకటి లేదు.

అది ఇంగ్లీషులో జరిగేది. ఎందుకని ఎవరమూ అడగలేదు. శిరీష తండ్రికి ఇంగ్లీషు రాదని నాకు తెలుసు, అయినా తట్టలేదు. పైగా ఆ పిల్ల క్లాస్ టీచర్ అప్పుడే భర్తతో వెళ్లిపోతే, ఆ కుర్చీలో కూర్చోవలసింది నేనే కనుక, కాగితం మీద ఇంగ్లీషులో రాయించి అయిదుసార్లు చదివించాను కూడా. తడబడకుండా చెబితే తండ్రి సంతోషపడతాడని నా తెలివి.

నర్సింలు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో వచ్చాడు. పిల్లలు కూర్చునే పొట్టి కుర్చీలో కూర్చుంటే మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. శిరీష లెక్కలు చూపించింది, సైన్స్ బొమ్మలు చూపించింది. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటూ పోయింది. నచ్చనిది చెప్పవలసిన చోటికి వచ్చి ఆగింది. అక్కడ మేము రాసుకున్నది, 'కూడికలు కొంచెం నిదానంగా చేస్తాను' అని.

ఆ పిల్ల కాగితం మడిచి పక్కన పెట్టింది. తండ్రిని కాదు, నన్ను చూస్తూ, తనకు వచ్చినంత ఇంగ్లీషులోనే చెప్పింది. అన్నం తినేటప్పుడు తన పక్కన ఎవరూ కూర్చోరట. ఆటస్థలం కింద మా తాతల బావి ఉండేదని చెబితే అందరూ నవ్వారట, అప్పటినుంచి 'వెల్ గర్ల్', బావి పిల్ల, అని పిలుస్తున్నారట. మంచిగా చూసుకున్న టీచర్ చెప్పకుండానే వెళ్లిపోయిందట. ఇంట్లో తాతకు తెలుగు పేపరు చదివి వినిపిస్తుందట, ఇక్కడ తెలుగు క్లాసులో అ ఆలు నేర్చుకునేవాళ్లతో కూర్చోబెట్టారట. ఆ క్లాసు నాది, కొత్తగా చేరినవాళ్లందరితోపాటు చూడకుండా కూర్చోబెట్టింది నేను. రోజూ బస్సులో ఏడ్చి, ఊరి స్టాపు రాకముందే మొహం తుడుచుకుంటుందట. చివరన, "ఈ బడి నాకు వద్దు. పాత బడికి పోతాను," అన్నది.

నర్సింలు ప్రతి మాటకూ తల ఊపుతూ, నవ్వుతూ విన్నాడు. అంతా అయినాక తనకు వచ్చిన ఒక్క ఇంగ్లీషు మాట అన్నాడు. "గుడ్. గుడ్."

నేను నోరు విప్పలేదు. నియమం ఉన్నది కదా.

శిరీష క్లాసుకు పోయింది. వరండాలో నర్సింలు నా దగ్గరకు వచ్చాడు. "పిల్ల బాగ చెప్పింది మేడం. జర గూడ బెదరలే. ఏం చెప్పింది?"

"చదువు గురించి చెప్పిందన్నా. తెలుగు క్లాసు గురించి, బస్సు గురించి, దోస్తుల గురించి. మీ పాత బాయి గురించి గూడ చెప్పింది. అంత బాగనే ఉన్నది."

"గంతే చాలు," అని చేతిలో సంచి ఇచ్చాడు. తోటలో తెంపిన టమాటలు. నేను తీసుకున్నాను. ఇంటికి తెచ్చి పప్పులో వేశాను కూడా.

ఎందుకు అట్లా చెప్పానని ఎన్నోసార్లు అనుకున్నాను. తర్వాతి తల్లిదండ్రులు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు, అది ఒకటి. నేనే మెల్లగా సర్దుతాలే అన్న ధీమా ఇంకొకటి. కాని అసలు సంగతి భయం. స్కూలు పేరు చెడుతుందని, ఆ చెడ్డమాట నా నోటి నుంచి బయటకు పోయిందని అంటారని భయం.

ఎవరికి చెప్పింది

తర్వాత రెండు వారాలకు శిరీష మాట్లాడటమే మానేసింది. అడిగితే తల దించుకునేది. ఒకరోజు ఆపి, ఏమైంది బిడ్డా అన్నాను. ఆ పిల్ల ఇంగ్లీషు నియమం పక్కన పెట్టేసింది.

"బాపుకు చెప్పిన్రా మేడం?"

నేను గడియారం చూసుకున్నాను.

"బాపుకు ఇంగ్లీష్ రాదని నాకెరుకే. మీరు ఇంటున్నరని చెప్పిన. మీరు చెప్తరనుకున్న."

"ఇంట్ల నువ్వే చెప్పొచ్చు గద?"

"ఎట్ల చెప్పాలె మేడం? మా శిరీష ఇంటర్నేషనల్ల సదువుతదని మార్కెట్ల అందరికి చెప్పుకుంటడు. తాత నా కోసమే భూమి ఇచ్చిండంటడు. గిట్ల ఏడుస్తున్నా అంటే ఎట్లుంటది?"

పదేళ్ల పిల్ల తండ్రి సంతోషాన్ని మోస్తున్నది. నేను ఆ బరువు దించకపోగా ఇంకా ఎత్తి పెట్టాను. సిగ్గుతో నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

నేరుగా లీనా మేడం గదికి పోయి జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె కుర్చీ చూపించి అన్నది. "మనం నోరు మూసుకునేది పిల్ల చెప్పడం కోసం. ఆమె చెప్పింది మింగడం కోసం కాదు." మళ్లీ తానే, "ఇంగ్లీషులోనే చెప్పాలని ఎవరు పెట్టారు?" అని అడిగి, హ్యాండ్‌బుక్ తీసి పేజీలు తిప్పింది. అందులో ఎక్కడా లేదు. "నేనే అయ్యుంటాను," అన్నది. తప్పు తన మీద వేసుకునే అధికారి మీకు దొరికితే ఆ ఉద్యోగం వదలకండి, జీతం తక్కువైనా సరే.

మరునాడు పొద్దున చేవెళ్ల మార్కెట్టుకు పోయాను. నర్సింలు టమాట డబ్బాలు దించుతున్నాడు. నన్ను చూసి మొహం విప్పారింది. ఆ మొహం ముందు మొత్తం చెప్పాను, బావి నుంచి బస్సు దాకా. నేను అబద్ధమాడానని కూడా చెప్పాను.

అతను చేతిలో డబ్బా కింద పెట్టాడు. కేకలు వేస్తే బాగుండేది. మెల్లగా అన్నాడు.

"అప్పుడే నాకు అనుమానం కొట్టింది మేడం. దాని కింది పెదవి అదురుతుండె. ఏడ్పు ఆపుకుంటే గట్లనే అయితది, సంటిపిల్లప్పటి సంది. గందుకే మిమ్ముల అడిగిన. మీరు బాగనే ఉన్నదంటిరి. సదువుకున్న టీచరమ్మ చెప్పినంక నా కండ్లదేముందని ఊకున్న."

ఇంత చదువూ చదివి ఒక తండ్రికి తన కండ్ల మీద నమ్మకం లేకుండా చేశాను.

"రేపే వచ్చి తోల్కపోత," అన్నాడు.

"తోల్కపోదువు గాని అన్నా. దానికంటె ముందు ఒక్కపారి పిల్లను నీకు తెలుగుల చెప్పనియ్యి."

మళ్లీ అవే కుర్చీలు

శనివారం. అవే పొట్టి కుర్చీలు. లీనా మేడం కూడా వచ్చి కూర్చున్నది. తర్జుమా చెయ్యనా అంటే వద్దన్నది. మొదటిసారి నర్సింలు కూర్చున్నట్టే ఆ పూట ఏమీ అర్థం కాకుండా ఆమె కూర్చున్నది.

శిరీష తండ్రి మొహంలోకి చూస్తూ అన్నీ చెప్పింది. ఈసారి నర్సింలు తల ఊపలేదు, నవ్వలేదు. బస్సులో మొహం తుడుచుకునే సంగతి వచ్చినప్పుడు మాత్రం తువ్వాలతో తన మొహం తుడుచుకున్నాడు.

"తాత భూమి ఇచ్చింది నువ్వు సదవాలనే బిడ్డా, ఏడ్వాలని కాదు," అన్నాడు. "భూమి పోయింది, పోనీ. నువ్వు గిట్ల లోపల్లోపల ఏడ్సుకుంట ఉంటే నాకేం మిగుల్తది? పా, చేవెళ్ల బళ్లె ఏస్త." అని నా వైపు తిరిగాడు. "మీరేమంటరు మేడం? ఈపారి మొత్తం చెప్పున్రి."

నియమం ప్రకారం నేను మాట్లాడకూడదు. మాట్లాడాను. "ఈ బళ్లె ఎవరు కొట్టరన్నా. ప్రశ్న అడిగితే తిట్టరు. లైబ్రరీల ఎన్ని పుస్తకాలంటే అన్ని. ఇరవై మందే ఉంటరు కాబట్టి నీ బిడ్డ ఏడిస్తే ఎవరో ఒకరికి కనబడాలె, నాకు కనబడలే, అది నా తప్పు. తెలుగు క్లాసు సోమవారమే మారుస్త. గని టీచర్లు పోతుంటరు, నేను ఆపలేను. పక్కన కూసునే దోస్తును గూడ తెచ్చియ్యలేను. చేవెళ్లల అయితే దోస్తులుంటరు, మన ఊరి పిల్లలే, బాయి అంటే ఎవరు నవ్వరు. ఏది ఎక్కువో నాకు తెల్వది. తూకం మీరే వెయ్యాలె."

నర్సింలు బిడ్డ వైపు చూశాడు. శిరీష నన్ను అడిగింది.

"మేడం, గా బళ్లె గూడ గిట్ల చెప్పనిస్తరా? బాపును కూసోబెట్టి, నాకు నచ్చనిది?"

చేవెళ్ల బళ్లో తొమ్మిదేళ్లు పనిచేసిన మనిషిని నేను. అరవై మందిలో ఒక్కరినైనా అట్లా కూర్చోబెట్టి అడిగిన గుర్తు లేదు.

"లేదు బిడ్డా. నేనే ఎవరిని చెప్పనియ్యలే."

ఆ పిల్ల చాలాసేపు బల్ల మీది నోటుబుక్కు అంచులు సర్దింది. "అయితే ఎండకాలం సెలవుల దాంక ఉంట. అప్పుడు మల్ల చెప్త," అన్నది.

"బేరమాడుతది మేడం," అన్నాడు నర్సింలు. అంటూ నవ్వాడు, కండ్లలో నీళ్లున్నాయి.

"గని మేడం," అన్నది శిరీష, "నేను చెప్పింది ఈపారి దాయొద్దు."

"దాయను," అన్నాను.

ఆ ఎండాకాలం ముందు మళ్లీ చెప్పింది, ఆ తర్వాతి టర్మూ చెప్పింది. పదో తరగతి దాకా ఉన్నది. ప్రతిసారీ తెలుగులోనే చెప్పింది, ఆమెను చూసి ఇంకా కొందరు తమ ఇంటి మాటలో చెప్పడం మొదలుపెట్టారు. నేను ఇచ్చిన మాట రిటైరయ్యేదాకా నిలబెట్టుకున్నాను. పిల్లలు నా దగ్గర చెప్పినదాన్ని, వినడానికి ఇష్టంలేని తల్లిదండ్రులకూ చెప్పాను, మేనేజ్‌మెంటుకూ చెప్పాను. కొన్నిసార్లు పిల్లలు చెప్పింది నా మీదే. అదీ చెప్పాను.